ఖాళీ, భర్తీ, గౌరవం: కొంపల్లి పరిసరాల స్థానిక పాలనలో జీతం లేని పదవుల చరిత్ర

స్థానిక పాలన చరిత్రను ఎన్నికల చరిత్రగా రాయడం పరిపాటి. ఏ ఏట ఏ సభ ఏర్పడింది, ఎవరు అధ్యక్షులయ్యారు, ఏ చట్టం ఏ చట్టం స్థానంలో వచ్చింది అనే వరుసలో ఆ చరిత్ర సాగుతుంది. పదవిలో మనిషి ఉన్న కాలానికే అందులో చోటు. పదవి ఖాళీగా ఉన్న కాలం రెండు అధ్యాయాల మధ్య రాయకుండా వదిలేసిన పుటలా మిగిలిపోతుంది. జీతం లేని పదవుల విషయంలో ఈ లోపం మరింత ఎక్కువ. జీతం ఉన్న ఉద్యోగం ఖాళీ అయితే ప్రకటన వెలువడుతుంది, దరఖాస్తులు వస్తాయి, దస్త్రం ఒకటి మిగులుతుంది. గౌరవ పదవి ఖాళీ అయితే ఆ సంగతి చాలాసార్లు ఎక్కడా నమోదు కాదు.

కొంపల్లి ఈ పరిశీలనకు తగిన స్థలం. హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరు 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి మారింది. 2018 నాటి పురపాలక చట్టాల సవరణ ఫలితంగా కొంపల్లి, దూలపల్లి గ్రామాలు కలిసి పురపాలిక అయ్యాయి. దానికి తొలి ఎన్నిక 2020 జనవరి 22న జరిగింది. ఆ పాలకమండలి గడువు 2025 జనవరి 26తో ముగిసింది. ఆ తరువాత ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మరో 26 పురపాలక సంస్థలతో పాటు కొంపల్లి గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థలో విలీనమైంది. కొంపల్లి పురపాలిక తన ఆయుష్షులో ఒకే ఒక్క పాలకమండలిని చూసింది. గ్రామపంచాయతీ ముగిసిన నాటికీ ఆ మండలి కూర్చున్న నాటికీ మధ్య కొంత కాలం, మండలి లేచిన నాటికీ విలీనానికీ మధ్య సుమారు పది నెలలు, ఎన్నికైన వారెవరూ లేకుండానే గడిచాయి.

పదాల సాక్ష్యం

ముందుగా మాటలను చూడాలి. పదవి ఖాళీ కావడం, దాన్ని భర్తీ చేయడం అనే రెండు పనులకూ తెలుగులో ఈనాడు వాడుకలో ఉన్న మాటలు రెండూ బయటినుంచి వచ్చినవే. ‘ఖాళీ’ అరబ్బీ పదం, ఫారసీ ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. ‘భర్తీ’ హిందుస్తానీలో నింపడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. రిక్తం, శూన్యం వంటి సంస్కృత సమాలు తెలుగు కావ్యభాషకు సుపరిచితాలే. అయినా ‘రిక్త పదవి’ అని ఏ తెలుగు కచేరీలోనూ అనరు. ‘పదవి’ అన్న మాటకు సంస్కృతంలో తొలి అర్థం దారి, అడుగుజాడ. నడిచే దారి కాస్తా కూర్చునే చోటుగా మారిన తీరు అర్థపరిణామ విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయమే గాని, ఇక్కడ దాన్ని విస్తరించడం అవసరం లేదు.

ఖాళీకి దేశి పదం నిలవకపోవడానికి ఒక కారణాన్ని ఊహించవచ్చు. వంశపారంపర్యంగా సంక్రమించే పదవికి ఖాళీ ఉండదు. తండ్రి పోతే కొడుకు వస్తాడు. తెలంగాణలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అనే ముగ్గురి పదవులూ ‘వతను’లు. పుట్టిన చోటు అని అరబ్బీలో అర్థమిచ్చే ఆ మాట దక్కనులో తరతరాల హక్కుగా వచ్చే గ్రామోద్యోగానికీ, దానికి అంటిపెట్టుకున్న రాబడికీ పేరైంది. వతనుదారు స్వయంగా పని చేయలేని స్థితిలో ఉంటే గుమాస్తా ఆ పని చూసేవాడు. పని చేసే మనిషి మారినా హక్కు మారేది కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయగాండ్ర వ్యవస్థనూ గ్రామ పంచాయతీలనూ పరామర్శించినప్పుడు ఈ స్థిరత్వంలోని మంచినీ చెడునూ రెండింటినీ చూశారు. నవలాకారులు మాత్రం చెడునే ఎక్కువగా చూశారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లోని కరణం పాత్ర ఖాళీ కాని పదవి ఒక మనిషిని ఏం చేస్తుందో చూపుతుంది.

ఈ వ్యవస్థను 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసింది. ఆ శాసనం ఈ పదవులను ‘పార్ట్‌టైం’ గ్రామోద్యోగాలుగా పేర్కొనడం గమనార్హం. ఊరి మీద రేయింబవళ్లు చెల్లుబాటైన అధికారాన్ని చట్టం పాక్షిక కాలపు పనిగా లెక్కగట్టింది. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆ చోటులోకి కాలక్రమంలో వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారి పదవిని తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో రద్దు చేసి, 2025లో గ్రామ పాలనాధికారి పేరుతో మరొక పదవిని నెలకొల్పింది. నడుమ అయిదేళ్లు ఊళ్లో రెవెన్యూ అధికారి పదవి లేదు. ఇవి జీతం ఉన్న ఉద్యోగాలు కాబట్టి ప్రస్తుత విషయానికి నేపథ్యం మాత్రమే.

‘గౌరవ’ అన్న విశేషణం మరింత చిక్కైనది. గౌరవ కార్యదర్శి అంటే జీతం తీసుకోని కార్యదర్శి. గౌరవ వేతనం అంటే జీతం కాని జీతం, అయినా డబ్బే. గౌరవ సభ్యులు అంటే మన్నించదగిన సభ్యులు. ఒకే మాట ఇవ్వకపోవడాన్నీ, ఇవ్వడాన్నీ, మన్ననను కూడా చెబుతోంది. స్థానిక సంస్థల ఆహ్వాన పత్రాల్లో ఈ మూడు అర్థాలూ ఒకే పుటలో కనిపించే అవకాశం ఉంది. ‘స్వచ్ఛంద’ శబ్దానిదీ ఇలాంటి కథే. స్వ, ఛంద అనే రెండు మాటల కలయికైన ఆ పదానికి సంస్కృతంలో తన ఇచ్ఛ ప్రకారం నడిచేవాడు అని అర్థం. అదుపు లేనివాడు అన్న ఛాయ కూడా ఉంది. ఆధునిక కాలంలో అది ప్రతిఫలం కోరని సేవకు పర్యాయమైంది. 2014లో స్వచ్ఛ భారత్ కార్యక్రమం మొదలైన తరువాత పురపాలికల గోడల మీద ‘స్వచ్ఛ’, ‘స్వచ్ఛంద’ పక్కపక్కన చేరాయి. సు, అచ్ఛ కలిసిన మొదటిదానికీ రెండవదానికీ వ్యుత్పత్తిలో చుట్టరికం లేదు. అయినా చదివేవారికి రెండూ ఒక కుటుంబమే అనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న మొదలైన వ్యవస్థలో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పొందేవారిని ‘వాలంటీరు’ అన్నారు. దాంతో ఆ ఆంగ్లపదం తెలుగులో తన అర్థాన్ని దాదాపు తలకిందులు చేసుకుంది.

చీటీ, సభ, పోటీ

వంశం కాకుండా మరో పద్ధతిలో ఊరి పదవులు నింపిన ప్రాచీన దృష్టాంతం పొరుగున తమిళదేశంలో ఉంది. మొదటి పరాంతక చోళుని కాలంలో 919, 921 సంవత్సరాల్లో వేయించిన ఉత్తరమేరూరు శాసనాలు గ్రామ సంఘాల ఎంపికను వివరంగా చెబుతాయి. ఊరిని ముప్పై వాడలుగా విభజించి, అర్హుల పేర్లు తాటాకు చీటీల మీద రాసి, కుండలో వేసి, పసివానిచేత తీయించేవారు. సంవత్సర సంఘానికి పన్నెండుగురు, తోటల సంఘానికి పన్నెండుగురు, చెరువు సంఘానికి ఆరుగురు. పదవీకాలం 360 రోజులు. అంతకు ముందు మూడేళ్లలో సంఘంలో పనిచేసినవారికీ, పనిచేసి లెక్కలు చూపనివారికీ, వారి దగ్గరి బంధువులకూ అర్హత లేదు. సొంత భూమి, చదువు, వయస్సు విషయంలో నిబంధనలు కఠినం. అవి ఊరిలో చాలామందిని బయటనే ఉంచాయి. కాబట్టి ఈ శాసనాన్ని ప్రజాస్వామ్యానికి మూలపత్రంగా ఎత్తి చూపే అలవాటులో కొంత అతిశయం ఉంది. అందులో నిజంగా విలువైనది వేరొకటి. ఏటా పదవులన్నీ ఖాళీ కావడం అక్కడ ప్రమాదం కాదు, నియమం. ఖాళీని ముందే ఊహించి, అది పూడే తీరును రాతిమీద చెక్కించిన సమాజం అది.

ఆధునిక తెలంగాణలో జీతం లేని ప్రజాపదవుల చరిత్రకు అసలైన ఆరంభం 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1921 నవంబరులో పుట్టిన ఆంధ్ర జన సంఘం. సంఘ కార్యదర్శిగా మాడపాటి హనుమంతరావు ఏళ్ల తరబడి చేసిన పనికి ప్రతిఫలం లేదు. ఆ సంఘమే 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా రూపొందింది. దాని తొలి అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి. అక్కడినుంచి 1944 నాటి భువనగిరి సభ దాకా పదిహేనేళ్లలో పదకొండు సభలు జరిగాయి. 1932, 1933, 1938, 1939 సంవత్సరాల్లో సభ లేదు. వార్షిక సభ జరగకపోతే కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకొనే వేదికే ఉండదు. గష్తీ నిషాన్ 53 ప్రకారం నిజాం రాజ్యంలో సభ జరపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి ఇవ్వకుండా ఆపితే ఆ సంస్థ పదవుల మార్పిడిని కూడా ఆపినట్టే. ఖాళీని సృష్టించడం, లేదా ఖాళీ కానివ్వకుండా పాతవారినే అంటిపెట్టి ఉంచడం, పాలకుల చేతిలో ఒక సాధనమని దీనివల్ల తెలుస్తుంది.

ఆ అధ్యక్షుల జాబితాను మరో దృష్టితోనూ చదవాలి. బూర్గుల రామకృష్ణారావు, పులిజాల వెంకట రంగారావు, మాడపాటి, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు. వీరిలో ఎక్కువమంది న్యాయవాదులు. వృత్తిలో రాబడి ఉన్నవారే జీతం లేని పదవిని మోయగలరు. ఈ మాట వారి త్యాగాన్ని తగ్గించదు. గౌరవ పదవికి కనిపించని అర్హత ఒకటి ఉందని మాత్రమే చెబుతుంది. 1943 హైదరాబాదు సభ అధ్యక్ష స్థానానికి కొండా వెంకట రంగారెడ్డికీ బద్దం ఎల్లారెడ్డికీ మధ్య పోటీ జరగడం ఈ అర్హత మీద తిరుగుబాటుగా కూడా చూడవచ్చు. మరుసటి ఏడు రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో సంస్థ చీలిపోయింది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవలకు నేపథ్యం ఈ కాలపు తెలంగాణమే. ఆ నవలలో సంఘం పని చేసేవాడికి హోదా కన్నా కాళ్లలో సత్తువ ముఖ్యం.

ఇక్కడినుంచి కొంపల్లికి రెండు దారులు కనిపిస్తాయి. మాడపాటి హనుమంతరావు 1951లో హైదరాబాదు నగరపాలక సంస్థకు తొలి మేయరయ్యారు. కొంపల్లి 2025లో చేరింది ఆ సంస్థకు వారసురాలైన దానిలోనే. కొండా వెంకట రంగారెడ్డి 1936లో అధ్యక్షత వహించిన సభ షాద్‌నగర్‌లో జరిగింది. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించింది కూడా ఆ షాద్‌నగర్‌లోనే. కొంపల్లి 38 ఏళ్లపాటు ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

వార్డుకు అరవై మంది

పంచాయతీరాజ్ చట్టాలు ఖాళీని రెండు విధాలుగా ఎదుర్కొన్నాయి. ఒక వ్యక్తి స్థానం ఖాళీ అయితే మరొకరు ఆ పని చూస్తారు. సర్పంచ్ పదవి ఖాళీ అయినప్పుడు ఉపసర్పంచ్ బాధ్యతలు నిర్వర్తించడం అలాంటిదే. సభ మొత్తం ఖాళీ అయితే ప్రత్యేకాధికారి వస్తాడు. 1993లో అమలులోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు అయిదేళ్ల గడువు ముగియకముందే ఎన్నిక పూర్తి కావాలని, సభ ముందుగా రద్దయితే ఆరు నెలల్లో ఎన్నిక జరగాలని నిర్దేశించాయి. ఆచరణ వేరుగా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఆగస్టులో గ్రామపంచాయతీల గడువు తీరితే ఎన్నికలు 2013 జూలైలో వచ్చాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రత్యేకాధికారుల పాలన 2025 డిసెంబరు ఎన్నికల దాకా సాగింది. రెండుసార్లూ రిజర్వేషన్ల లెక్క తేలకపోవడం ముఖ్య కారణం. ప్రత్యేకాధికారి అన్న పేరులోని ‘ప్రత్యేక’కు అసాధారణమని అర్థం. ప్రతి పదేళ్లలో ఒకసారైనా వచ్చే అధికారిని అసాధారణుడని అనడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం వార్డు కమిటీలను ప్రవేశపెట్టింది. రాజ్యాంగం 243ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పురపాలికలకే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. కొంపల్లి వంటి చిన్న పట్టణానికి అవి వచ్చింది రాష్ట్ర చట్టం వల్లనే. ప్రతి వార్డులో యువజన, మహిళా, వయోవృద్ధుల, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలు ఉండాలి. ఒక్కొక్కదానిలో పదిహేను మంది, అంటే వార్డుకు అరవై మంది. పది వార్డుల పట్టణానికి ఆరు వందల జీతం లేని పదవులు. ఉత్తరమేరూరులో చెరువు సంఘానికి ఆరుగురు సరిపోయారు. కొత్త పాలకమండళ్లు 2020 జనవరి చివరలో కూర్చున్నాయి. వార్డు కమిటీలను ఆధారంగా చేసుకున్న పట్టణ ప్రగతి కార్యక్రమం ఫిబ్రవరి 24న మొదలైంది. నెల తిరగకుండానే ఇన్ని స్థానాలు నిండాలి. మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఉద్దేశించిన కమిటీలు పుట్టిన నెలలోనే, మనుషులు ఒకచోట చేరకూడని కాలాన్ని ఎదుర్కొన్నాయి.

ఈ నాలుగు పేర్లలో మొదటి మూడింటికి కొలత ఉంది. వయస్సు, స్త్రీత్వం ఒకరు నిర్ణయించేవి కావు. ‘ప్రముఖ పౌరుడు’ ఎవరో నిర్ణయించవలసినది నియమించేవారే. చోళ శాసనం అర్హతను భూమితోనూ చదువుతోనూ కొలిచింది. అది అన్యాయమైన కొలతే. అయినా పైకి కనిపించే కొలత. ప్రాముఖ్యానికి అలాంటి కొలత లేదు కనుక నియమించేవారి పరిచయాల పరిధే ప్రాముఖ్యపు పరిధి అయ్యే అవకాశం ఎక్కువ. ఎన్నికైన సభ్యుణ్ణి ప్రశ్నించవలసిన కమిటీని ఎన్నికైన మండలే నియమించడం ఈ ఏర్పాటులోని మూల బలహీనత. మరొక చిక్కు కూడా ఉంది. అడిగితే ఒప్పుకోవడం, పేరు రాయించుకోవడం వేరు, సమావేశానికి రావడం వేరు. సభ్యుడు ఊరు మారినా, ఆసక్తి పోయినా అతని పేరు జాబితాలో ఉంటూనే ఉంటుంది. కాగితం మీద నిండినట్టే కనిపించే ఈ స్థానాలను ఖాళీ అనాలో వద్దో చెప్పే మాట తెలుగు పాలనాభాషలో లేదు.

పాలనాభాష మాటెత్తినప్పుడు వాక్యనిర్మాణాన్నీ చెప్పుకోవాలి. పాలకమండలి తీర్మానాల పుస్తకంలో వాక్యాలు ‘తీర్మానించడమైనది’, ‘ఆమోదించడమైనది’ అని ముగుస్తాయి. కర్త కనబడడు. అయినా ఆ వాక్యం వెనుక చర్చ, అభ్యంతరం, ఓటు ఉంటాయి. ప్రత్యేకాధికారి కాలంలోనూ తీర్మానాలు ఉంటాయి, వాక్యాలూ అవే. ప్రతిపాదించేదీ ఆమోదించేదీ ఒకే చేయి. వ్యాకరణం రెండు కాలాలకూ తేడా చూపదు. పురపాలిక నగరంలో కలిసిపోయినప్పుడు ఆ పుస్తకాలు కూడా ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి మారతాయి. 150 వార్డుల మహానగరం 300 వార్డులకు విస్తరించిన సందర్భంలో ఒక చిన్న పట్టణపు కమిటీ సభ్యుల జాబితా, హాజరు పట్టిక భద్రంగా ఉండాలని కోరేవారు తక్కువ. ఒకే మండలి కాలం పనిచేసిన వార్డు కమిటీలకు అవి తప్ప మరో ఆధారం లేదు. తెలుగు శాఖలు శాసనాలనూ కైఫీయతులనూ సేకరించిన శ్రద్ధ ఈ దస్త్రాలకూ దక్కవలసి ఉంది.

సంఘాల కార్యవర్గం

కొంపల్లిలో గౌరవ పదవి మరింత దట్టంగా కనిపించేది పురపాలిక బయట, అపార్టుమెంట్లలోనూ కాలనీలలోనూ. 1350 ఫసలీ నాటి తెలంగాణ ప్రాంత సంఘాల నమోదు చట్టానికి బదులుగా వచ్చిన 2001 చట్టం కింద ఈ సంక్షేమ సంఘాలు నమోదవుతాయి. ఏటా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించడం వాటి విధి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ఇక్కడ కూడా ఉత్తరమేరూరు ప్రశ్నలే ఎదురవుతాయి: లెక్కలు చూపనివారిని మళ్లీ ఎన్నుకోవచ్చా, ఒకరే ఎన్నేళ్లు ఉండవచ్చు, ఎవరూ ముందుకు రాకపోతే ఏం చేయాలి. మూడవ ప్రశ్న శాసనంలో లేదు. చీటీ పద్ధతిలో ముందుకు రావడం అనే అంశమే లేదు, పేరు వస్తే పని చేయవలసిందే. స్వచ్ఛందం అన్నది పదవికి షరతు అయిన చోటనే కుర్చీ ఖాళీగా మిగిలే ప్రమాదం పుడుతుంది. కొలువుకూ ఇంటికీ మధ్య రోడ్డు మీద గంటలు గడిపేవారున్న శివారు ప్రాంతంలో కార్యదర్శి పదవి విశ్రాంత ఉద్యోగి దగ్గరికి చేరడం సహజం. నాడు వకీలుకు ఉన్న వెసులుబాటు నేడు పింఛనుదారుకు ఉంది.

2025 జనవరిలో షామీర్‌పేట ప్రాంతంలోని అలియాబాద్‌తో పాటు మూడుచింతలపల్లి, ఎల్లంపేట పురపాలికలయ్యాయి. దాంతో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో గ్రామపంచాయతీ అన్నది మిగలలేదు. ఆ ఏడాది డిసెంబరులో 31 జిల్లాల్లో సర్పంచ్ ఎన్నికలు జరిగితే, హైదరాబాదుతో పాటు ఈ జిల్లా వాటికి బయటనే ఉండిపోయింది. ఇక్కడ సర్పంచ్ పదవి ఖాళీగా లేదు, రద్దయింది. 1984లో పదవి పోయినా ‘పటేలా’ అన్న పిలుపు తెలంగాణ పల్లెల్లో నేటికీ వినిపిస్తూనే ఉంది. చివరిసారి ఎన్నికైన సర్పంచ్‌లను ఊరివారు ఎంతకాలం ఆ పేరుతోనే పిలుస్తారన్నది మరో తరం నమోదు చేయవలసిన సంగతి.